ముందు గుర్రం దగ్గరికి

దాష్‌జెవెగ్ చెయ్యి పడితే ముసలి గొడ్డు కూడా పందెం గుర్రమవుతుందని మంగోలియాలోని హెంటీ మైదానాల్లో ఒక మాట ఉండేది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా వినిపించుకోనట్టు ముఖం పెట్టేవాడు గానీ, లోపల పొంగిపోయేవాడు. తండ్రీ తాతా గుర్రాలకు తర్ఫీదు ఇచ్చినవాళ్లే. తనూ పాలపళ్లు ఊడకముందే గుర్రమెక్కి, పడి, లేచి పెరిగినవాడే. స్వారీ పిల్లలకు హెల్మెట్ ఉండాలి, ఛాతీకి కవచం ఉండాలి, బీమా ఉండాలి, మరీ పసివాళ్లను ఎక్కించకూడదు అని సర్కారు వాళ్లు చెప్పడం మొదలుపెడితే పెద్దగా నవ్వాడు.

"పడకుండా పెరిగిన మంగోలు ఎవడైనా ఉన్నాడా? వాడిని నాకు చూపించండి, దణ్ణం పెడతా!"

ఆయన గుర్రాల మీద స్వారీ చేసేది ఉరాన్‌గో. పక్క గుడారంలో ఉండే సెర్మా కూతురు, తొమ్మిదేళ్ల పిల్ల. ఒక చలికాలం మంచు రాయిలా పేరుకుపోయి, గడ్డి అందక, సెర్మా వాళ్ల మందంతా నిలుచున్నచోటే చచ్చిపోయింది. మొగుడు గనిలో పనికి పోయాడు. వాళ్లకు పాడి ఆవులిచ్చింది, చలికాలానికి మాంసం పంపింది దాష్‌జెవెగే. ఆ తర్వాత పిల్లని పందేలకు అడిగితే సెర్మా కాదనలేదు. కాదనలేకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ తేడా ఆయనకు అప్పట్లో తట్టలేదు.

ఉరాన్‌గో పిట్టంత ఉండేది. గుర్రమెక్కితే మాత్రం దాని వీపులోంచే మొలిచినట్టుండేది. "బాబాయ్, బాబాయ్" అంటూ ఆయన వెంటే తిరిగేది. ఆయనా ముద్దుగానే చూసేవాడు. అది అబద్ధం కాదు.

తెల్ల నెల పండుగ, అంటే వాళ్ల కొత్త సంవత్సరం, దగ్గర పడింది. పందెం నాడు ఊపిరి వదిలితే కనుబొమల మీద మంచు కట్టేంత చలి. బయలుదేరే చోట పిల్లలు గుర్రాల మీద గుండ్రంగా తిరుగుతూ గొంతెత్తి పాడుతున్నారు. ఉరాన్‌గో వంగి అడిగింది.

"బాబాయ్, నా హెల్మెట్ జీపులోనే ఉండిపోయింది. తెస్తావా?"

"ఉండనీలే తల్లీ. అంత బరువు నెత్తిన పెట్టుకుని ఎటు పోతావు? గుర్రానికీ బరువే. తోలుటోపీ ఉందిగా, చెవులకు వెచ్చగా ఉంటుంది."

పందెం నడిపేవాళ్లు చూశారు, చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

దాష్‌జెవెగ్, పాత స్నేహితుడు గొంబో జీపులో పక్కనే వెంబడించారు. ఉరాన్‌గో ఎక్కిన నల్లగోధుమ గుర్రం అందరికన్నా ముందుంది. "ఉరికించు! ఉరికించు!" అని దాష్‌జెవెగ్ కిటికీలోంచి అరుస్తూనే ఉన్నాడు. మలుపు దాటగానే గుర్రం ముందుకాలు ఏదో బొరియలో దిగబడింది. గుర్రమూ పిల్లా కలిసి పల్టీ కొట్టారు.

జీపు ఆగకముందే దూకాడు. మంచులో పడుతూ లేస్తూ పరుగెత్తాడు. కళ్లెం అందుకున్నాడు. వణుకుతున్న గుర్రం మెడ నిమిరి, మోకాలి నుంచి గిట్ట దాకా చేత్తో తడిమి చూశాడు.

"విరగలేదురా గొంబో! కాలు విరగలేదు!"

ఆ సంతోషం ఆ మంచు మైదానంలో ఎంత దూరం వినిపించిందో! వెనక్కి తిరిగాడు. గొంబో అక్కడ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

"పిల్లరా, దాష్‌జెవెగ్! ఇక్కడ పిల్ల పడి ఉందిరా!"

ఉరాన్‌గో కళ్లు తెరిచే ఉంది. నుదుటి నుంచి కారిన నెత్తురు చెంప మీదే గడ్డకడుతోంది. ఏడవడం లేదు. ఆయన వైపే చూస్తోంది.

జిల్లా కేంద్రం ఆసుపత్రిలో తొడ ఎముకకు ఆపరేషన్ చేశారు, నుదుటికి కుట్లు వేశారు. సెర్మా వచ్చింది. ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. కూతురి మంచం పక్కన కూర్చుని దాని పాదాలు ఒళ్లో పెట్టుకుంది, అంతే. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

మర్నాడు పిల్లల రక్షణ చూసే ఉద్యోగి సరన్‌చిమెగ్ వచ్చింది. ఆయనకు కూతురయ్యే వయసు ఉంటుంది. ఆమె నోరు తెరవకముందే ఆయన అందుకున్నాడు.

"హెల్మెట్ పెట్టానమ్మాయ్. పట్టీ తెగిపోయింది. చలికి తోలు పెళుసెక్కుతుంది కదా."

"మిమ్మల్ని తర్వాత అడుగుతాను దాష్‌జెవెగ్ గారూ. ముందు పాపతో మాట్లాడాలి. మీరు బయట కూర్చోండి."

"చిన్నపిల్ల, దానికేం తెలుసు?"

"దెబ్బ తగిలింది తనకే కదండీ. తను చెప్పేది వినాలని చట్టమే చెబుతోంది."

బయటికొచ్చాడు. తలుపు సరిగా పడలేదు. సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"నీకు ఇష్టమైతేనే చెప్పమ్మా. హెల్మెట్ ఏమైంది?"

"పట్టీ తెగిపోయింది."

"ఎప్పుడు తెగింది?"

"చలికి తోలు పెళుసెక్కుతుంది కదా."

తన మాటే, పొల్లుపోకుండా. పిల్ల మంచం మీదినుంచి విని, నేర్చుకుంది. దాష్‌జెవెగ్‌కు చెవులు కాలిపోయాయి.

"పడ్డాక బాబాయ్ వచ్చారా?"

"వచ్చాడు. ముందు గుర్రం దగ్గరికి వెళ్లాడు." ఆ గొంతులో నిష్ఠూరం లేదు. "గుర్రం మంచిది కదా అక్కా. నేనూ దాన్నే చూస్తున్నా, లేస్తుందో లేదోనని. నేను కాళ్లు గట్టిగా బిగించి ఉంటే పడేది కాదు. బాబాయ్‌కి కోపం వచ్చిందేమో."

ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. టోపీ చేతిలో నలుగుతోంది.

"పట్టీ తెగలేదు. హెల్మెట్ జీపు వెనక సీట్లో ఉంది. అడిగింది పిల్ల. నేనే వద్దన్నాను." సెర్మా వైపు చూడబోయి చూడలేకపోయాడు. "దాని కాళ్లు సరిగానే ఉన్నాయి. తప్పు దానిది కాదు."

సరన్‌చిమెగ్ కోప్పడలేదు. రాసుకుంది. ఉరాన్‌గో మాత్రం బెదిరిపోయి అటూ ఇటూ చూసింది, అబద్ధం సరిగా చెప్పలేక బాబాయ్‌ని పట్టించేశానేమోనని.

విచారణ జరిగింది. పందేలకు గుర్రాలు దింపకుండా ఆయన్ని కొంతకాలం ఆపారు. చలికాలపు పందేలు మానిపించాలని సర్కారు అనుకుంటున్న రోజులవి. తర్ఫీదుదారులంతా ఒకచోట కూడి, మన పరువు నిలబెట్టమని ఆయన్నే ముందుకు తోశారు. ఆయన లేచి, చలిలో పిల్లల్ని ఎక్కించడం మానేద్దాం అన్నాడు. ఒక్కసారిగా గోలెత్తిపోయింది.

"పేరు సంపాదించుకునేదాకా ఎక్కించి, ఇప్పుడు నీతులా?" అన్నాడొకడు.

"ముసలాడికి భయం పట్టింది, దుప్పటి కప్పండ్రా!" అన్నాడు ఇంకొకడు.

మొదటివాడి మాట నిజమేనని ఆయనకు తెలుసు. కూర్చుండిపోయాడు. ఆయన చెప్పినందుకు కాదు గానీ, తర్వాత చలికాలపు పందేలు ఆగాయి. కొందరు ఇప్పటికీ ఆయన ఎదురైతే దారి మార్చుకుంటారు.

వేసవికి ఉరాన్‌గో ఇంటికొచ్చింది. కాస్త కాలు ఈడుస్తూ నడుస్తోంది. దాష్‌జెవెగ్ ఎండబెట్టిన పెరుగు గడ్డలు, మంచి గొర్రె తొడ పట్టుకుని సెర్మా గుడారానికి వెళ్లాడు. పిల్ల బడిపుస్తకంలోంచి తలెత్తి "కూర్చో బాబాయ్" అంది ఎప్పటిలాగే. గుర్రం ఎలా ఉందని అడిగింది. బాగుందన్నట్టు ఆయన తలూపాడు.

వచ్చినవాళ్లు శత్రువులైనా టీ ఇవ్వకుండా పంపరు ఆ నేలమీద. సెర్మా ఉప్పు టీ కాచింది. గిన్నె నిండా పోసింది. మర్యాద ప్రకారం కుడిచేత్తో ఆయన చేతికి అందించవలసిన గిన్నెను ఆయన ముందు నేల మీద పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.

ఆయన వంగి, రెండు చేతులతో దాన్ని ఎత్తుకుని, చల్లారేలోపు తాగాడు.