వద్దయ్య పడుకుని చూడని కారు

మా బావ నొరివాల్ మాట మీద ఈ ఊళ్లో అమ్ముడుపోయిన కార్లకంటే అమ్ముడుపోకుండా ఆగిపోయినవే ఎక్కువ. పాత కారు కొనాలనుకున్న ప్రతివాడూ ముందు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. బస్సు డిపోలో జీవితమంతా రేకు పని చేసి రిటైరైన మనిషి. కారు చుట్టూ తిరిగి, తలుపులు తీసి మూసి, నేలమీద వెల్లకిలా పడుకుని అడుగంతా చూసి, బట్టలు దులుపుకుంటూ లేచి, చివరికి ఒకే ఒక్క మాట అనేవాడు. "వద్దు." అందుకే ఆయనకు వద్దయ్య అని పేరు పడింది. నా మంగలి షాపుకొచ్చే వాళ్లలో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు.

"ప్రేమించేవాడు కారును నిలబడి చూస్తాడురా అన్సెల్మో, కొనేవాడు పడుకుని చూస్తాడు," అని నాకు పాఠం చెప్పేవాడు. నేను ఆయన బావమరిదిని గనక వినక తప్పేది కాదు.

సముద్రం ఒడ్డునున్న మా ఊరు కాసినోలో మేం ఇసుక మీదే కార్లు నడుపుతాం. ఎండాకాలం ఆదివారమైతే ఊరు ఊరంతా కార్లేసుకుని నీళ్ల అంచున బారులు తీరుతుంది. ఆ ఉప్పు ఊరికే పోతుందా? కారును కింది నుంచి కొరుక్కు తింటుంది. అందుకని చలి ముదరకముందే కారును పైకెత్తించి అడుగునంతా ఆముదం కొట్టిస్తాం. మాకు చలికాలం మొదలయ్యే జూన్ వచ్చిందంటే మెకానిక్ జాండిర్ షెడ్డున్న వీధంతా ఆ వాసనే. మంచి అలవాటే, కానీ మోసగాడి చేతిలో పడితే ఇంతకు మించిన ముసుగు లేదు. పుచ్చిపోయిన ఇనుము మీద కొత్త ఆముదం కొడితే నల్లగా నిగనిగలాడుతూ కళ్లకు గంతలు కట్టేస్తుంది. అమ్మకానికి పెట్టిన కారు దగ్గర పచ్చి ఆముదం వాసన వస్తే బావ ఇంకేమీ చూసేవాడు కాదు.

ఇంతమందికి కార్లు చూసిపెట్టిన మనిషికి సొంత కారు లేదు. తనకోసం చూసుకున్న ప్రతి కారులోనూ ఏదో ఒక వంక దొరికేది. సైకిలు మీద తిరిగేవాడు. మా అక్క ఇరాసీని వెనక కూర్చోబెట్టుకుని తిప్పేవాడు, ఆవిడ మోకాళ్లు సహకరించినన్నాళ్లూ.

అక్కకు పెద్ద కోరికలేం లేవు, ఒక్కటి తప్ప. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ నడిచి వెళుతుంటే మందుల షాపు ఆర్లిందోగారి ఎర్ర కారు పక్కనుంచి దూసుకుపోయింది. సిరియెమా అని, ఎప్పుడో మూతబడిన చిన్న ఫ్యాక్టరీలో చేసిన రేసు కారు. రెండే సీట్లు. ఎంత కిందికి ఉంటుందంటే, అందులో కూర్చుంటే వీధి కుక్కలు మన కళ్లలోకి కళ్లు పెట్టి చూస్తాయి. "అలాంటి దాంట్లో సముద్రం పక్కన ఒక్కసారి తిరగాలి," అంది అక్క. "చూద్దాం," అన్నాడు బావ. ఆ చూడ్డం అలా సాగుతూనే ఉంది.

ఆర్లిందోగారు పోయారు. ఆయన భార్య గియోమార్‌గారు ఆ కారును షెడ్డులో పెట్టి తాళం వేసుకుని, ఎన్నో ఏళ్ల తర్వాత ఈ చలికాలం అమ్మకానికి పెట్టారు. కబురు విన్న రోజు సాయంత్రం అక్క మాతే, అంటే ఇంట్లో అందరం ఒకే గిన్నెలో ఒకే గొట్టంతో వంతులేసుకుని తాగే ఆకు టీ, కలిపి, గిన్నె బావ చేతికిస్తూ, "ఏమయ్యా, అది మనం కొందాం," అంది.

"ఈ వయసులో మనకెందుకే అది?"

"ఈ వయసులోనే. ఇంకో ఏడాది పోతే ఆ సీట్లోకి నేను దిగలేను. నా మోకాళ్లు నీలాగా చూద్దాం చూద్దాం అంటూ కూర్చోవు."

బావ గిన్నెలోది గొట్టంతో చివరిదాకా పీల్చి, సరే, పోయి చూద్దామన్నాడు. మళ్లీ అదే మాట. అయినా అక్క ముఖం వెలిగిపోయింది.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. గియోమార్‌గారు శాలువా కప్పుకుని షెడ్డు తలుపు తీశారు. కారు మీద దుమ్ము రవ్వంత లేదు. నా మట్టుకు నాకైతే అక్కడే మనసు పారేసుకోవాలనిపించింది.

"ఇంజను ముందే వేడి చేసి పెట్టలేదు కదమ్మా?" అన్నాడు బావ. వేడెక్కిన ఇంజను తన జబ్బు దాచేస్తుందని ఆయన లెక్క.

"అది స్టార్టయి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదండీ."

బావ తలూపి పని మొదలుపెట్టాడు. ఫైబరు బాడీ కారు చూడ్డం మామూలు విద్య కాదు. పైన తుప్పు పట్టదు, అయస్కాంతం అంటదు. పైకి పెళ్లికూతురిలా ఉంటుంది, లోపల ఇనుప చట్రం బిస్కెట్‌లా విరిగిపోతుంది. తలుపుల బందుల దగ్గర వెంట్రుకంత పగుళ్లేమైనా ఉన్నాయేమోనని గోటితో రాసి చూశాడు. పెడళ్ల రబ్బరు ఎంత అరిగిందో చూసి, మీటరు మీద కిలోమీటర్లతో సరిపోల్చుకున్నాడు. తలుపు వేసి ఆ చప్పుడు చెవి పెట్టి విన్నాడు. ఈలోగా అవతలి వైపు అక్క తలుపు పట్టుకుని, "అమ్మా, అబ్బా" అంటూ మెల్లగా సీట్లోకి దిగింది. దిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా ఉన్న షెడ్డు గోడ వైపు చూస్తూ కూర్చుంది. గోడే ఆవిడకు సముద్రమై ఉంటుంది.

బావ మోకాళ్ల మీద కూర్చుని వంగబోయి, ముక్కు ఎగబీల్చి, టక్కున లేచి నిలబడ్డాడు.

"వద్దు," అన్నాడు.

"అదేంటి బావా, పడుకుని చూడవా?"

"ఆముదం వాసన రావట్లేదట్రా నీకు? ఈమధ్యే కొట్టించారు. రోడ్డెక్కని కారుకు కొత్త ఆముదమెందుకు, కింద ఏదో కప్పిపెట్టాలని కాకపోతే?"

మెల్లగానే అన్నాడు గానీ షెడ్డు ఎంతని? గియోమార్‌గారు విన్నారు. ఆవిడ ముఖంలో రక్తం ఇంకిపోయింది. అక్కను కారులోంచి లేపడానికి చెరో చెయ్యీ పట్టుకుని నేనూ బావా లాగాల్సి వచ్చింది. మేం బయటికొచ్చీ రాగానే తలుపు మూసి తాళం వేసిన చప్పుడు వినపడింది.

దారిలో అక్క ఒకటే మాట అంది. "నీకు తప్పు దొరకదేమోనని భయం. దొరక్కపోతే కొనాల్సొస్తుందని భయం. అందుకే పడుకోలేదు."

ఆ రోజు నుంచి అక్క మాతే కలుపుకుని తనొక్కతే తాగింది. ఒకే ఇంట్లో ఉంటూ గిన్నె అందివ్వకపోవడమంటే మా దగ్గర అంతకు మించిన తిట్టు లేదు. బావ ఎదురుగా కూర్చుని, ఆవిడ గొట్టం పీల్చే చప్పుడు వింటూ చలి కాచుకునేవాడు. నాకు నవ్వొచ్చేది, జాలీ వేసేది. అక్కడ గియోమార్‌గారి గుమ్మం తొక్కినవాడు లేడు. పక్కూరి నుంచి వచ్చిన బేరగాళ్లు కూడా వద్దయ్య వద్దన్నాడట అని తెలిసి దారిలోనే వెనక్కి తిరిగారు.

ఒక ఉదయం బావకు నా షాపులో గడ్డం గీస్తున్నాను. ఒక చెంప అయింది, రెండో చెంప మీద సబ్బు నురగ ఉంది. జాండిర్ తన వంతు కోసం బెంచీ మీద కూర్చుని కబుర్లు చెబుతున్నాడు.

"ఆ మందుల షాపు ముసలమ్మ కారు ఎవరూ కొనలేదంట గదా, పాపం. అమ్ముతానని చెప్పిన వారమే మళ్లీ నలుగురి చేత తోయించుకుని నా షెడ్డుకొచ్చింది, ఆముదం కొట్టించుకుపోయింది."

"చూశావా, నే చెప్పలా," అన్నాడు బావ నురగలోంచి.

"ఏం చెప్పావు తాతా? ఆవిడ ప్రతి జూన్‌లోనూ వస్తది. ఆయన పోయినకాడ్నుంచీ ఒక్క ఏడు తప్పలా. రోడ్డెక్కని కారుకు ఆముదమెందుకమ్మా అని ఒకసారి నోరు జారాను. మా ఆర్లిందో ఒక్క చలికాలం తప్పించలేదు, నన్ను తప్పించమంటావా, మళ్లీ ఆ మాటంటే చెంప పగలగొడతానంది."

నా చేతిలో కత్తి ఆగింది. బావ కుర్చీలోంచి లేచాడు. మెడకు కట్టిన గుడ్డతో, సగం నురగ ముఖంతో వీధిలోకి నడిచాడు. షాపు జాండిర్‌కు అప్పజెప్పి వెనకే పరిగెత్తాను.

గియోమార్‌గారు తలుపు సందులోంచి చూశారు. "మళ్లీ ఎందుకొచ్చారు?"

"పడుకోవడానికమ్మా. ఆ రోజు చెయ్యాల్సిన పని చెయ్యలేదు."

ఆవిడ ఆ సబ్బు ముఖం వైపు కాసేపు చూసి, తాళంచెవి తెచ్చారు.

గడ్డకట్టే సిమెంటు మీద బావ వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు. జేబులో ఎప్పుడూ ఉండే గీకుడు రేకు చప్పుడు మొదలైంది. పచ్చగా జిగురుగా ఉన్న కొత్త పొర ఊడి పడింది. దాని వెనక గోధుమరంగుది. ఆ వెనక తారులా గట్టిపడిన నల్లటి పెచ్చులు, ఒకదాని మీద ఒకటి. చప్పుడు ముందుకు జరిగింది, వెనక్కి జరిగింది, బ్యాటరీ కిందికి వెళ్లింది. ఆ తర్వాత ఆగిపోయింది.

"బావా, బతికే ఉన్నావా?"

"ఎముకలు కొత్తగా ఉన్నాయిరా." "ఫ్యాక్టరీలో వేసిన రంగు అలాగే ఉంది. రబ్బర్లు ఉబ్బి పోయాయి, బ్రేకులు పాడయ్యాయి, టైర్లు రాళ్లయిపోయాయి. అన్నీ మార్చుకునేవే. కీళ్లే పోయాయి, మీ అక్కకు లాగా. ఎముకల మీద మాత్రం ఒక్క తుప్పు మచ్చ లేదు."

బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటే ముఖమంతా ఆముదమైంది. "గియోమార్‌గారూ, నాదే తప్పు. వాసన చూసి మిమ్మల్ని మోసగత్తెను చేశాను. ఇంటింటికీ తిరిగి చెబుతాను."

"చెప్పండి," అన్నారావిడ. "కానీ కారు మీకు అమ్మను."

ఆముదం తాగిన ముఖం అంటే ఏమిటో ఆ రోజు చూశాను.

"మీ ఆవిడకు అమ్ముతాను," అన్నారు గియోమార్‌గారు. "ఆ రోజు మీరంతా దాని చుట్టూ తిరిగారు. కూర్చున్నది ఆవిడొక్కతే."

ఆ సాయంత్రం అక్క బావ చేతికి మాతే గిన్నె ఇచ్చింది. ఆయన తాగుతూ ఏడ్చాడు. చలికి కళ్లు నీళ్లు కారుతున్నాయన్నాడు, మేం నమ్మినట్టే ఊరుకున్నాం.

చలికాలం మిగిలినదంతా బావ ఆ కారు కిందే గడిపాడు. రబ్బర్లు మార్చాడు, బ్రేకులు విప్పాడు, ఊళ్లో ఎవరు పలకరించినా "కారు మా ఆవిడది, నేను డ్రైవర్ని," అన్నాడు. తను తప్పు చెప్పానని కూడా ఇంటింటికీ చెప్పాడు. వెచ్చబడిన మొదటి ఆదివారం అక్క తలకు రుమాలు కట్టుకుని ఆ సీట్లోకి దిగింది. దిగడానికి చాలాసేపు పట్టింది. ఇసుక దారి మొదట్లో కారు ఆగడం మా గేటు దగ్గర్నుంచే కనపడింది. అటు తిప్పమని అక్క అడిగి ఉంటుంది. ఉప్పని, తుప్పని బావ ఏదో అనబోయి ఉంటాడు. కాసేపటికి ఎర్ర కారు ఇసుక మీదికి దిగి నీళ్ల పక్కన వెళ్లిపోయింది.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చారు. అక్కను లాగడానికి నేను సిద్ధంగా నిలబడి తలుపు తీసి చెయ్యి అందించాను. ఆవిడ పట్టుకుని, ఒకసారి లేవబోయింది. రెండోసారి లేవబోయింది. మోకాళ్లు రానన్నాయి. నావైపు చూసి నవ్వింది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒరేయ్, ఈసారి దిగితే మళ్లీ ఎక్కలేనేమోరా," అంది.

బావ అటు నుంచి వంగి ఆవిడ తలుపు లాగి మూశాడు.

"వద్దు," అన్నాడు. "దిగొద్దు. పెట్రోలుంది, ఇంకోసారి తిరిగొద్దాం."

ఆ మాటకు మా అక్క నవ్వగా మొదటిసారి చూశాను. పక్కకు తప్పుకుని వాళ్లకు గేటు తెరిచి పట్టుకున్నాను.