నలభై రెండు కిలోల జవాబు

రెండో ఆదివారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఎల్లారెడ్డిలో బస్సెక్కిన మేం ముగ్గురం ఐదు ఇరవై ఐదుకు కామారెడ్డిలో దిగాం. దూరం సుమారు నలభై కిలోమీటర్లు. తాడ్వాయి దగ్గర వడ్ల ట్రాక్టర్ల వెనుక నిలిచిన సమయం పదకొండు నిమిషాలు. బస్టాండు నుంచి ట్యూషన్ సెంటర్ మేడమీది గదికి నడక ఎనిమిది నిమిషాలు.

ఆ గదిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ నెలకొకసారి క్విజ్ నడిపేవారు. ఎనిమిది జట్లు, ఇరవై అయిదు ప్రశ్నలు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గరి బుట్టలో. మా జట్టులో ఒకడు సాంఘికశాస్త్రం చెప్పే టీచరు, ఒకడు రైతు. ముగ్గురం పదో తరగతి వరకు కలిసి చదివినవాళ్లం. ఎలక్ట్రానిక్ కాంటాలను ప్రామాణిక బరువులతో సరిచూడటం నా వృత్తి. నా అక్షరం కుదురుగా ఉంటుందని కలం నా చేతికే ఇచ్చారు.

అంతకుముందు మూడు నెలల్లో రైతు మిత్రుడు చెప్పిన జవాబు ఒక్కటీ కాగితం మీదికి ఎక్కలేదు. రాజధానులు, గ్రహాలు, రాజవంశాలు, అన్నీ అలాంటి ప్రశ్నలే. ఆ రోజు బస్సులో కిటికీలోంచి చూస్తూనే అన్నాడు: "ఇయ్యాల గూడ ఉత్తగ కూసునుడే అయితే మల్ల నేను రాను. మీకు మూడో కుర్చి నిండాలె, గంతే గద."

మేమిద్దరం కాదన్నాం. గట్టిగా అనలేకపోయాం.

ఇరవై మూడు ప్రశ్నలు ముగిసేసరికి మేము ముందున్న జట్టుతో సమానంగానే ఉన్నామని నా అంచనా. రైతు మిత్రుడు మాత్రం టీ గ్లాసును బల్లమీద తిప్పుతున్నాడు. అప్పుడు లెక్చరర్ ఇరవై నాలుగో ప్రశ్న చదివారు: వడ్ల కొనుగోలు కేంద్రంలో ఒక బస్తా తూకం ఎన్ని కిలోలు?

గ్లాసు ఆగింది. "నలభై రెండు," అన్నాడు అతడు.

టీచరు నలభై అన్నాడు. అది నాకూ తెలుసు, నిబంధన అదే. కానీ మా జట్టుకు మొదటి నెలలోనే టీచరు స్వయంగా పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ఏ పని ఎవరి చేతుల మీదుగా నడిచిందో, ఆ విషయంలో వారి మాటే రాయాలి. బస్తాలు నింపింది అతడు. కాంటాను సరిచూసింది నేను. ఇద్దరి చేతులూ ఉన్న ప్రశ్న అంతవరకు రాలేదు.

"నువ్వు కాంటలు చూసెటోనివి గదరా, నువ్వే చెప్పు," అన్నాడతడు.

కాంటా తప్పు చూపదని చెప్పాను.

"నేను కాంట తప్పు అంటలేను. నలభై రెండు పడేదాంక పొయ్యమంటరు, పోస్తం. నలభై అని రాస్తే మరి నేను పోసిన రెండు కిలోలు ఎటు పోయినట్టు?"

పదహారేళ్లుగా ఇరవై కిలోల ప్రామాణిక బరువులు ఎక్కించి, దించి, తెర మీది అంకె సరిగ్గా ఉందని సంతకం చేస్తున్నాను. ఏ అంకె దగ్గర పోయడం ఆపుతారని ఒక్కసారీ అడగలేదు. ఖాళీ గోనె సంచి బరువు ఆరు వందల గ్రాములు. మిగిలిన కిలో నాలుగు వందల గ్రాములను, తేమ, తాలు పేరు చెప్పి డబ్బివ్వకుండా కోసుకునేదాన్ని, తరుగంటారు.

టీచరు నా వైపు చూశాడు. కట్టుబాటు తనదే కనుక కాగితం నా ముందుకు జరిపాడు. నలభై రెండు అని రాశాను.

లెక్చరర్ జవాబు నలభై అని ప్రకటించి, నలభై రెండు రాసిన జట్టు ఒకటుందని కళ్లజోడు పైనుంచి మా వైపు చూశారు. గది నవ్వింది. నవ్వు తగ్గాక పక్క బల్ల పెద్దమనిషి, నలభై రాసినవాడే, తమ దగ్గర నలభై ఒకటిన్నర జోకుతారని మెల్లగా చెప్పాడు. వెనుక బల్ల నుంచి నలభై ఒకటి అని వినిపించింది. ఇంకెవరో నలభై రెండే అన్నారు. అందరికీ ఎవరి అంకె వారికి తెలుసు. కాగితం మీద మాత్రం నలభై. లెక్చరర్ కాసేపు ఆ అంకెలను వింటూ నిలబడి, మార్కు ఇవ్వలేనని మర్యాదగానే చెప్పారు.

గెలిచిన జట్టుకు ఇరవై రెండు, మాకు ఇరవై ఒకటి.

తిరుగు బస్సులో రైతు మిత్రుణ్ని ఈ యాసంగి పంటకు ఎన్ని బస్తాలు పోశావని అడిగాను. నూట పన్నెండు అన్నాడు. నేను జేబులోని టికెట్ వెనుక గుణిస్తుంటే అతడు టీచరును మోచేత్తో పొడిచి అడిగాడు: "వచ్చే నెల గిదే బస్సేనా?"

ఆ సాయంత్రపు లెక్క ఇది. ప్రవేశ రుసుము నూట యాభై రూపాయలు. ముగ్గురికి రానూపోనూ బస్సు ఛార్జీలు. పోయిన మార్కు ఒకటి. పోయిన ఉమ్మడి మొదటి స్థానం ఒకటి. సంచుల బరువు తీసేయగా, పోయిన వడ్లు నూట యాభై ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు.