పప్పు రుబ్బుతూ చదివిన చదువు

విన్నది విన్నట్టు అప్పజెప్పగల మనిషిని, వేగంగా రాయలేడన్న ఒక్క కారణంతో కేబిన్‌మన్ పరీక్షలో మూడుసార్లు తప్పించారు. ఆయన రాయ్‌పూర్ స్టేషనులో రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ నూకరాజు. రోజూ సాయంత్రం భార్య తాయారమ్మ రైల్వే నిబంధనలు పైకి చదువుతుంది. ఆయన కళ్లు మూసుకుని మినప్పప్పు రుబ్బుతూ, పొత్రం తిరిగే లయలో వాటిని వల్లిస్తాడు.

మొన్న తనిఖీకి వచ్చిన అధికారి పొగమంచులో రైళ్లు నడిపే నిబంధన అడిగితే, నూకరాజు గాలిలో చెయ్యి గుండ్రంగా తిప్పుతూ అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

"ఆ చెయ్యేం చేస్తోంది భాయ్?"

"పప్పు రుబ్బుతోంది సాబ్. చెయ్యి తిరగందే నోరు తిరగదు."

అధికారి పగలబడి నవ్వి, "బిల్కుల్ సహీ, అక్షరాలా నిజం" అన్నాడు. అయినా నాలుగోసారీ రాతపరీక్షకే పిలుపు వచ్చింది.

పరీక్షాధికారులారా, కేబిన్‌లో సిగ్నల్ లివరు లాగేవాడికి నిబంధన తెలియాలి గాని రాతలో వేగం ఎందుకు? ఈసారి నూకరాజును నోటితో అడగండి.