పూజకు పోయిన రెండు పూలు

పాతికేళ్లుగా నర్సీపట్నంలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నాను. వేడెక్కుతున్న ధ్రువప్రాంతాల్లో మొక్కలు ఎలా మారిపోతున్నాయో పుస్తకం చూసి చెప్పడమే తప్ప అక్కడి ఒక్క ఆకును కంటితో చూసిన పాపాన పోలేదు. ఉత్తర ధ్రువానికి దగ్గరున్న స్వాల్‌బార్డ్ దీవుల్లో వేసవి పూలు లెక్కపెట్టడానికి సహాయకులు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టాను. రమ్మన్నారు! వెళ్లాలనుకునేవారికి ఒక మాట: ఆ దీవులకు వీసా అక్కర్లేదు గానీ, నార్వే మీదుగా పోయి రావాలి కనుక యూరప్ దేశాలకిచ్చే షెంజెన్ వీసా, రెండుసార్లు ప్రవేశించేది తీసుకోండి.

జూన్ నెలాఖరున ఉదయం అయిదున్నరకు మా ఊరి బస్సు కాంప్లెక్స్‌లో విశాఖ బస్సెక్కాను. నా పక్క సీట్లో నాతవరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది.

"ఇంత సామానుతోటి ఏ ఊరెల్తన్నావమ్మా?"

"మంచు దేశానికండి. అక్కడ పూలు లెక్కపెట్టాలి."

"మనకాడ పూలు లేవేటి?" అని పకపకా నవ్వింది. తర్వాత తన జీడితోట గోడు చెప్పుకుంది. "ఈ ఏడు పూత ముందే వచ్చీసింది. మురిసిపోనాం. మంచు పడీసరికి మొత్తం మాడిపోనాది." తాళ్లపాలెం దాటేదాకా ఆ తోట కబుర్లే.

విశాఖ, హైదరాబాదు, దోహా, ఓస్లో. ఓస్లోలో టీ ధర చూసి మంచినీళ్లు తాగి, అత్తయ్య కట్టిచ్చిన పులిహోర తిన్నాను. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఆ దీవుల్లోని పెద్ద ఊరు లాంగియర్‌బెన్‌లో దిగాను. బసలోకి వెళ్లబోతే గుమ్మంలో చెప్పులు విప్పమన్నారు. అక్కడ అందరి ఆచారమూ అదేనట. సగం బెంగ అక్కడే పోయింది.

మర్నాడు పదింటికి పడవలో మా చెక్క గుడిసెకు చేరాం. మా బృందానికి పెద్ద అస్ట్రిడ్ గారు, అరవయ్యేళ్ల ఆవిడ. తెల్ల ఎలుగుబంట్ల భయానికి భుజాన తుపాకీ, చేతిలో నోటుబుక్కు. అక్కడ చెట్టన్నది లేదు. వేరే చోట్ల నిలువెత్తు చెట్టుగా పెరిగే విల్లో ఉందంటే తలెత్తి వెతికాను. అది నా బూటు కిందికి వస్తోందని అరిచారు. బెత్తెడు కూడా లేదు! డ్రైయాస్ అనే తెల్లపూల మొక్క నేలనంటుకుని పాకుతుంది. పూవుకు ఎనిమిది రేకులు. సూర్యుడు ఎటు తిరిగితే అటు ముఖం తిప్పుతుంది. దాన్ని చూస్తే నాకు కన్నీళ్లొచ్చాయి.

కొన్ని మొక్కల చుట్టూ కప్పులేని ప్లాస్టిక్ గోడలు పెట్టారు. వాటి లోపల ఒకటి రెండు డిగ్రీల వేడి ఎక్కువ. రాబోయే రోజుల్లో ఏమవుతుందో అక్కడ ముందే చూస్తారన్నమాట. పక్కనే మామూలు మొక్కల చుట్టూ తాడు కట్టి ఉంచారు. రెండింటిలోనూ రోజూ పూలు లెక్కపెట్టి పోల్చాలి. దేన్నీ కోయకూడదు. కోస్తే వెనక్కి పంపేస్తామన్న కాగితం మీద సంతకం కూడా చేశాను.

రెండో ఉదయం ఆరింటికి స్నానం చేసి, కళ్లజోడు లేకుండానే బయటికొచ్చాను. ఇంట్లో రోజూ చేసే పనే. చేతులు వాటంతటవే వంగి రెండు తెల్లపూలు కోశాయి. లోపలికెళ్లి, తెచ్చుకున్న అప్పన్న స్వామి ఫొటో ముందు పెట్టి దండం కూడా పెట్టాను. కళ్లజోడు పెట్టుకున్నాక కిటికీలోంచి, నేను పూలు కోసిన చోటు చుట్టూ తాడు కనిపించింది.

తొమ్మిదింటికి లెక్క మొదలైంది. "నిన్న ముప్ఫై ఒకటి. ఇవాళ ఇరవై తొమ్మిదే," అంటూ అస్ట్రిడ్ గారు మోకాళ్ల మీద కూర్చుని రెయిన్‌డీర్ అనే మంచుజింక అడుగుల కోసం వెతికారు. బాతు రెట్ట కోసమూ వెతికారు. ఊరుకుంటే నింద ఏ జింక మీదకో పోతుంది, నన్ను వెనక్కి పంపరు. కానీ ఆ లెక్క అబద్ధమవుతుంది. పాతికేళ్లు పిల్లలకు రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాయమని చెప్పిన నోరు ఇది.

"కోసింది నేనండీ," అన్నాను.

ఆవిడ లోపలికెళ్లి ఫొటో ముందు నిలబడ్డారు. జేబులోంచి స్కేలు తీసి, దేవుడి ముందే పూల వెడల్పు కొలిచారు. "రెండు పూలు పోతే తట్టుకుంటాం. ఎందుకు పోయాయో తెలియకపోతేనే కష్టం. ఇంకోసారి కోస్తే మాత్రం పడవెక్కిస్తాను," అన్నారు. నోటుబుక్కులో నష్టానికి కారణం దగ్గర జింక, బాతు, గాలి అని ఉంటే, వాటి కింద నన్నడిగి కొత్త మాట రాసుకున్నారు: పూజ.

ఆరో రోజు మంచు కురిసింది. గోడల మధ్య ముందే విచ్చిన పూలు గోధుమరంగుకు తిరిగాయి. బయట ఇంకా మొగ్గగా ఉన్నవి బతికాయి. నాకు నాతవరం ఆవిడ మాట గుర్తొచ్చి చెప్పాను.

"మీ ఊళ్లో పూత తేదీలు ఎవరు రాసి పెడతారు?" అని అస్ట్రిడ్ గారు ఆత్రంగా అడిగారు.

ఎవరూ రాయరని చెప్పడానికి సిగ్గేసింది. అంతదూరం పోయి పరాయి పూలు లెక్కపెడుతున్నాను. మా ఊరి జీడిపూతను మాత్రం ఒక్క ఏడాదీ రాసుకోలేదు.

మూడు వారాల తర్వాత తిరుగు ప్రయాణం. విశాఖలో తెల్లవారుజామున బస్సెక్కితే ఏడున్నరకు నర్సీపట్నం. దారంతా జీడితోటల్ని కొత్తగా చూశాను. అవీ ఆ బెత్తెడు మొక్కా ఒకే ఎండకు తడబడుతున్నాయి. మొన్నటిదాకా నాకు అది పాఠం, ఇప్పుడు ఇరుగుపొరుగు సంగతి.

ఇంటి గేటు తీసేసరికి అత్తయ్య పూలసజ్జతో మందారచెట్టు కింద ఉన్నారు.

"అత్తయ్యా, ఆగండి! కొయ్యకముందు లెక్కపెట్టాలి."

"దేవుడి పూలకి లెక్కేటే? బేగి తానం సేసిరా."

సామాను గుమ్మంలోనే దించి నోటుబుక్కు తీశాను. మందార, పదకొండు. అత్తయ్య కోసుకున్నవి తొమ్మిది. కారణం: పూజ.