మా బావమరిది టేకు బెంచీ

కిడ్నీలు పాడైన మనిషికి ఊరంతా సలహాలిస్తుంది. మా బావమరిది మాత్రం బెంచీ అడిగాడు.

చీపురుపల్లి దగ్గర పల్లె వాళ్లది. వారానికి రెండుసార్లు విజయనగరం వెళ్లి, ఒంట్లో రక్తమంతా మిషన్‌లోకి పంపి, కడిగించుకుని తిరిగొచ్చేవాడు. వచ్చాక పడుకునే గదంతా మందుల కంపు. ఆ కంపు భరించలేక గోడ మీది బల్లులు కూడా వేరే కాపురం చూసుకున్నాయని నా గట్టి అనుమానం.

"లోపల ఊపిరాడతా నేదు బావా. ఆరుబయట గాలి తగిలీలాగ కూకోడానికి ఒక బెంచీ సేయించు. దానికి సేతులుండాల. సేతులు నేకపోతే లెగనేను," అన్నాడు.

ప్లాస్టిక్ కుర్చీల మీద నమ్మకం పోయింది. ఎండకి పెళుసెక్కిన కుర్చీ ఒకటి అప్పటికే కాళ్లు చాపి, అతన్ని వాకిట్లో పడేసింది. అందుకని బాధ్యత నా మీద పడింది. కలప విషయంలో నాకున్నంత పరిజ్ఞానం ఈ రెండు జిల్లాల్లోనూ చెదపురుగులకు మాత్రమే ఉంది.

మిషన్ దిగిన రోజునే, ఆసుపత్రి నుంచి అతన్ని ఆటోలో తిన్నగా కలప డిపోకి తీసుకెళ్లాను. దుంగ దుంగనీ వేలితో తట్టి చూశాను, వాసన చూశాను, ఒకదాన్ని నాలికతో కూడా చూసేవాణ్ణే, యజమాని నా వంక అదోలా చూశాడని మానేశాను. తడిసి, ఎండి, మళ్లీ తడిసే సామానుకి కర్ర నడిమధ్యన ముదురు రంగులో ఉండే చేవే కావాలి. అంచున తెల్లగా ఉండే చెక్క చెదలకి పెళ్లి భోజనం. ఆ తెలుపు చారంతైనా లేని టేకు చెక్కలు ఏరి పక్కన పెట్టించాను.

యజమానికి హుషారొచ్చింది. "రాయిలాటి కర్ర బాబూ! మీ మనవలు కూకుంటారు, ఆల మనవలు కూకుంటారు!"

మా బావమరిది గోడకి ఆనుకుని నవ్వాడు. "నాకు అన్నేల్లొద్దు బాబూ. ఈ వానాకాలం ఆగితే సాలు."

యజమాని చేతిలోని టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది. ఆ మాటకి రంపం కూడా ఆగిపోయిందనుకున్నాను. నిజానికి కరెంటు పోయింది.

వడ్రంగి పక్కన కూర్చుని అతని ప్రాణం తీశాను. పలకల మధ్య వాన నీరు జారిపోయేలా సందు వదలమన్నాను. తుప్పు పట్టి చెక్కని నల్లగా చేసే ఇనప మేకులు వద్దని ఇత్తడి మరలు వేయించాను. తడి నేల నుంచి నీరు పీల్చకుండా కాళ్ల కింద రాతి ముక్కలు పెట్టించాను. వార్నిష్ పొరలుగా లేచిపోతుంది కాబట్టి అవిసె నూనె రాస్తే చాలన్నాను. నాకు పిల్లనిచ్చేటప్పుడు మా మామగారు కూడా ఇన్ని జాగ్రత్తలు తీసుకోలేదు.

బెంచీ ఇంటికొచ్చాక మా చెల్లెమ్మ, అంటే మా బావమరిది భార్య, దాని చుట్టూ తిరిగి పెదవి విరిచింది. "ఏటన్నియ్యా, మెరుపే నేదు?"

"మెరుపెందుకమ్మా? కొన్నాల్లకి ఎండకి బూడిదరంగు తిరుగుతాది. అది రోగం కాదు," అన్నాను. అన్నాక ముగ్గురం తలో దిక్కూ చూశాం.

వాకిట్లో వేప నీడ పడేచోట వేయించాం. మొదటి పూట అతను బెంచీ చేతుల మీద తన చేతులు ఆనించి, కళ్లు మూసుకుని, గాలి తాగాడు. నిజంగా తాగాడు, గుటకలు వేస్తూ.

మర్నాటి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. అంతవరకూ ఆ చీకటి గదిలోకి తొంగిచూసి పారిపోయే జనానికి బయట చల్లగా, వీపుకి ఆనిక ఉన్న సీటు దొరికింది. జిల్లాలో సగం మందికి మా బావమరిది మీద ప్రేమ పుట్టుకొచ్చింది. గుమ్మం దగ్గర మనిషి కనిపిస్తే చాలు, అతను బెంచీ చేతులు పట్టుకుని, వణుకుతూ లేచి నిలబడేవాడు. "రా మావా, కూకో." మావ కూర్చునేవాడు. మావ వెంట వచ్చినవాళ్లు కూర్చునేవారు. మిగిలిన జాగాలో అరటిపళ్లూ కొబ్బరిబొండాలూ కూర్చునేవి. రోగి వేప మాను పట్టుకుని నిలబడి, టీ గ్లాసులు అందించేవాడు.

"మా తోడల్లుడికీ ఇదే జబ్బురా," అని ఒక మావ మొదలెట్టాడు ఓ రోజు. "మనిషి బాగానే ఉండీవోడు. టీ తాగతా తాగతా ఒరిగిపోనాడు. నీకేటి, నిలబడే ఉన్నావు కదా!"

ఆయన వెళ్లాక నేను విరుచుకుపడ్డాను. "కూకోరా! ఆలు నిన్ను సూడ్డానికొచ్చేరా, బెంచీని సూడ్డానికొచ్చేరా?"

"ఇంటికొచ్చినోలు నిలబడితే నాను కూకుంటానేటి బావా? మా నాన్న ఎప్పుడైనా కూకున్నాడా?"

"నేనొస్తే ఎందుకు లెగుస్తావు మరి? నేను రోజూ వస్తన్నాను కదా!"

"నువ్వు ఇంటి అల్లుడివి. నీకు లెగకపోతే మా అప్ప ఊరుకుంటాదా?" అప్ప అంటే వాళ్లక్క, మా ఆవిడ. ఆ సంగతి నిజమే.

చెల్లెమ్మ ఉపాయం చెప్పింది. ఇద్దరం బెంచీని మోసుకెళ్లి పెరట్లో, గోగు చేను కనిపించేలా వేశాం. నా నడుము ఇప్పటికీ నన్ను క్షమించలేదు. జనం రెండు రోజులు వాకిట్లో వెతుక్కున్నారు. తర్వాత వంటింట్లోంచి దారి కనిపెట్టి, పొయ్యి మీద ఏముందో చూసుకుంటూ పెరట్లోకి వచ్చేశారు. అతను లేచాడు. వాళ్లు కూర్చున్నారు.

వానలు పడ్డాయి. పలకల సందుల్లోంచి నీళ్లు ఎంత ముచ్చటగా జారాయో! కాళ్లకి చెమ్మ పట్టలేదు, మర బిగువు సడలలేదు. నేను వెళ్లినప్పుడల్లా బెంచీని పొడిగుడ్డతో తుడిచి, సందుల్లో ఇరుక్కున్న ఆకులు పుల్లతో తీసేవాణ్ణి. బెంచీ రోజురోజుకీ గట్టిపడుతున్నట్టుండేది. పక్కన మనిషికి మొహం ఉబ్బింది, పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి.

ఒక ముసురు పొద్దున్న పెరట్లోకి వెళ్లాను. అతను బెంచీ మీద ఉన్నాడు. నన్ను చూసి రెండు చేతులూ ఆనించాడు. భుజాలు లేచాయి, మనిషి లేవలేదు. మళ్లీ ఆనించాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"లెగనేకపోతన్నాను బావా," అన్నాడు. "ఏటీ అనుకోకు."

తడి మట్టిలోనే, అతని కాళ్ల దగ్గర చతికిలబడ్డాను.

"అదేటి, కింద కూకున్నావు? పైన ఇంత సోటుంటే!"

"నాకిక్కడ బాగుంది. నువ్వు కాల్లు సాపుకో."

కొంచెంసేపు మొహమాటపడ్డాడు. వంటింటి వైపు చూశాడు, ఎవరైనా వస్తున్నారేమోనని. తర్వాత ఒక్కో కాలూ చేత్తో ఎత్తి పైన పెట్టుకున్నాడు. మిగతా బెంచీ అంతా ఆ కాళ్లకే సరిపోయింది.