పల్వల్ గానుగ దగ్గర పాలతాలికలు

ఈ ప్రయాణానికి కారణం విరిగిపోయిన పాలు. మా ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. సరోజినీ నగర్‌లో క్వార్టర్ వచ్చాక నేను అనకాపల్లి దగ్గరి మా ఊరి నుంచి ఢిల్లీ వచ్చాను. మా క్వార్టర్లలోని తెలుగువాళ్లు చలికాలంలో నెలకో ఆదివారం పొద్దున పార్కులో ఎండకు కూర్చుని కలిసి టిఫిన్ తింటారు. ఇడ్లీ, ఉప్మా తలా ఇంత తెస్తారు. తీపి మాత్రం వంతుల ప్రకారం ఒకే ఇంట్లో వండుతారు. డిసెంబరులో వంతు నాది. బెల్లం పరమాన్నం చేశాను. మార్కెట్లో ఉన్న బెల్లాల్లో పసుపుపచ్చగా నిగనిగలాడేది ఏరి తెచ్చాను. పాలల్లో వేసిన నిమిషానికే పాలు విరిగాయి. మళ్లీ చేసే వేళ లేక అదే పట్టుకెళ్లాను. సెక్షన్ ఆఫీసరుగారి భార్య రాజ్యలక్ష్మిగారు గరిటెతో ఒకసారి తిప్పి చూసి, "పైడమ్మా, ఇది పాయసమా, పనీర్ కూరా?" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వడం తప్ప నాకూ దారి లేకపోయింది.

ఢిల్లీలో మనవాళ్లు చాలామంది పరమాన్నం పంచదారతోనే చేస్తారు. ఇక్కడ బెల్లం వేస్తే పాలు విరుగుతాయని, నీళ్లనీ పాలనీ తిట్టుకుని, వదిలేశారు. మా నాన్న చెరకు పండించి బెల్లం వండినవాడు. బెల్లం గానుగ పక్కనే పెరిగిన నేను పంచదార పరమాన్నం చేయడమేమిటని నాకు పట్టుదల వచ్చింది. జనవరి ఆదివారానికి ఫరీదాబాద్ నుంచి కూడా నాలుగు కుటుంబాలు వస్తున్నాయి, మొత్తం అరవై మంది. రాజ్యలక్ష్మిగారు కొట్టులో జిలేబీ చెప్పేద్దామన్నారు. నేను పాలతాలికలు చేస్తానన్నాను, అదీ బెల్లంతో. అక్కడున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సరే, శనివారం సాయంత్రం ఆరింటిదాకా కొట్టువాడికి ఏదీ చెప్పను. ఆ లోపల విరగని బెల్లం నా కళ్లకు చూపించు. లేదా జిలేబీయే. ఆ తర్వాత నీ వంతు టీ, చక్కెర తేవడం" అన్నారామె. నవ్వుతూనే అన్నారు గాని మాట మాత్రం మాటే. మా క్వార్టర్లలో ఒకసారి టీ, చక్కెరకు దిగిన ఇంటిని మళ్లీ వంటకు పిలవరు.

ఊరికి వెళ్లేటప్పుడు రైలు కిటికీలోంచి పల్వల్ పొలాల్లో గానుగ పొగ చూసిన గుర్తుంది. ఆ వాసన నాకు పెట్టెలోకి కూడా వచ్చింది. అక్కడికే వెళ్దామనుకున్నాను. నా హిందీ కూరగాయల బేరం దాకానే. ఇరవై రెండేళ్లుగా ఢిల్లీలో ఉన్న రాజ్యలక్ష్మిగారు, "నువ్వొక్కదానివీ వెళ్లి మళ్లీ పచ్చబెల్లమే తెస్తావు, నేనూ వస్తా" అన్నారు. సాయమో కాపలానో నాకు తెలియలేదు. శనివారం మా ఆఫీసువాళ్లకు సెలవు కాబట్టి పిల్లల్ని మొగుళ్లకు అప్పజెప్పి, పొద్దున ఆరున్నరకు ఆటో ఎక్కి నిజాముద్దీన్ స్టేషన్‌కు చేరాం. మీటరు మీద నలభై రూపాయలైంది. ఏడు గంటల లోకల్ రైలు పొగమంచు వల్ల ఎనిమిదింటికి కదిలింది. టికెట్ పది రూపాయల పైచిలుకు. ఫరీదాబాద్‌కు ఇంకా మెట్రో రాలేదు గనుక ఫ్యాక్టరీల జనమంతా ఈ లోకల్ మీదే ఆధారం. బల్లభ్‌గఢ్ దాకా నిలబడే వెళ్లాం, ఆ తర్వాత కూర్చోవడానికి చోటు దొరికింది. నా సంచిలో ఒక స్టీలు గిన్నె, రాత్రి నానబెట్టి మిక్సీలో పట్టి జల్లించిన కిలో బియ్యప్పిండి, ఏలకులు ఉన్నాయి. బెల్లాన్ని కొనకముందే పాలల్లో వేసి, వీలైతే అక్కడే తాలికలు వండి చూడాలని నా ఆలోచన.

పల్వల్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర. స్టేషన్ బయట టెంపో డ్రైవరును గానుగ ఎక్కడని అడిగితే, అతను రాజ్యలక్ష్మిగారి శాలువా, నా సంచీ చూసి, "కొల్హూయా? మేడమ్, బెల్లం బజార్లో దొరుకుతుంది కదా, బురదలోకి ఎందుకు?" అన్నాడు. "భయ్యా, ఈ అమ్మాయికి బజారు బెల్లం నచ్చదు, మహారాణి" అన్నారామె. మనిషికి ఐదు రూపాయలు తీసుకుని ఐదారు కిలోమీటర్ల దూరంలో చెరకు చేల మధ్య దింపాడు. అక్కడి నుంచి గట్టు మీద పది నిమిషాలు నడవాలి. రాజ్యలక్ష్మిగారి చెప్పు రెండుసార్లు బురదలో దిగబడింది. రెండోసారి తీసి ఇచ్చింది నేనే.

గానుగ మా ఊరి గానుగలాగే ఉంది. డీజిల్ ఇంజను, పిప్పి కుప్పలు, నేలలో తవ్విన పొయ్యిల మీద వరసగా మూడు పెనాలు. పెనం దగ్గర ఇద్దరు మగవాళ్లు రసం కలుపుతున్నారు. నులక మంచం మీద ఒక ముసలావిడ హుక్కా పెట్టుకుని కూర్చుంది. అందరూ ఆమెను తాయీ, అంటే పెద్దమ్మ, అంటున్నారు. గానుగ ఆమె కొడుకుదే అయినా మాట ఆమెది. గోనె మీద వరసగా ఆరబెట్టిన దిమ్మలు బంగారు రంగులో మెరుస్తున్నాయి. మా ఊళ్లో సంతకు పోయే బెల్లానికి ఆ రంగుంటేనే ధర పలికేది. నాకు ప్రాణం లేచొచ్చింది. పావు లీటరు పాలు అడిగి కొనుక్కుని, పొయ్యి అంచున గిన్నె పెట్టి, కాగాక దించి, చల్లారనిచ్చి, ఒక బెల్లపు ముక్క నలిపి వేశాను. మా ఇద్దరి కళ్లెదుటే పాలు రెండుగా విడిపోయాయి.

రాజ్యలక్ష్మిగారు గడియారం చూసుకున్నారు. "పదీ ఇరవై. పన్నెండింటి రైలు దొరుకుతుంది. పద, జిలేబీకి చెప్పేద్దాం."

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. తాయీ హుక్కా పక్కన పెట్టి పడీపడీ నవ్వింది. "అరే మద్రాసన్, అది మండీలో అమ్మే బెల్లం! రంగు కోసం పొడి వేస్తాం. కోసి నాలుగు రోజులైన చెరకు అది. దాన్ని పాలల్లో ఎవరు వేస్తారు?"

అప్పుడు నా తప్పు నాకు అర్థమైంది. మా నాన్న కూడా పచ్చగా ఉన్న దిమ్మల్ని బండికెత్తి అమ్మేవాడు. ఇంటికి మాత్రం ఆ రోజు కోసిన చెరకుతో, ఏ పొడీ వేయకుండా, విడిగా ఒక పెనం వండించేవాడు. ఆ బెల్లం నల్లగా ఉండేది. అమ్మ దాంతోనే తాలికలు చేసేది. చిన్నప్పుడంతా నల్లబెల్లం తిన్నదాన్ని ఢిల్లీలో నలుగురి ముందు పెట్టేది బాగుండాలని రంగు చూసి కొన్నాను. బెల్లం వండే ఇంటిపిల్ల చేసే తప్పు ఇదే. అమ్మే సరుకు రంగు మాకు బాగా తెలుసు. ఆ తెలివి వంటింట్లో అడ్డం వచ్చింది.

"ఘర్ కా గుడ్ హై?" ఇంటి బెల్లం ఉందా అని నేనే అడిగాను. నా హిందీకి మగవాళ్లు కూడా తలెత్తి చూశారు.

తాయీ నవ్వు ఆపింది. "ఉంది. అమ్మం."

"మేరా బాప్ భీ నహీ బేచతా థా" అన్నాను. మా నాన్నా అమ్మేవాడు కాదు. తర్వాతి మాటలు నాకు హిందీలో రాలేదు. తెలుగులో చెప్పేశాను. మాది చెరకు ఊరనీ, రేపు అరవై మందికి వండాలనీ, పోయిన నెల పాలు విరిగి పరువు పోయిందనీ. రాజ్యలక్ష్మిగారు ఒక్క క్షణం నా వైపు చూసి, మొత్తం హిందీలో చెప్పారు. పనీర్ కూర అన్నది తనేనని కూడా చెప్పారు. తాయీ ఆమెను ఎగాదిగా చూసి, "నాలుక మీద ఉప్పు ఎక్కువ నీకు" అంది.

"మా జిల్లాలో అందరికీ అంతే" అన్నారు రాజ్యలక్ష్మిగారు.

తాయీ లేచింది. పనివాళ్లకు పదకొండింటికి రోజూ పెట్టే ఖీరు కోసం గేదెపాలు ఆరు లీటర్లు అప్పుడే వచ్చాయి. "ఇవాళ ఖీరు నువ్వు వండు. నా బెల్లం, నా పాలు. విరగకపోతే ఎంత కావాలంటే అంత పట్టుకుపో. విరిగితే ఆ మూడు పెనాలూ తోమి పో" అంది. పెనాల వెడల్పు ఒక్కొక్కటి నా చాచిన చేతులంత ఉంది.

"ఇద్దరం తోముతామా?" అని రాజ్యలక్ష్మిగారు అనుమానంగా అడిగారు.

"మీరు నీళ్లు పోద్దురు గాని" అన్నాను.

గానుగ పక్కనే ఉన్న తాయీ ఇంటి వెనక మట్టి పొయ్యి చూపించారు. నీళ్లు మరగబెట్టి, చిటికెడు ఉప్పు, చిన్న బెల్లపు ముక్క వేసి, పిండి పోసి కలియబెట్టి దించాను. వేడి తగ్గాక నెయ్యి చేత్తో మదాయించాను. పావు కప్పు పొడిపిండి విడిగా ఉంచాను. తాయీ కోడళ్లిద్దరు ముసుగు కిందనుంచి చూస్తూ చూస్తూ దగ్గరకొచ్చి కూర్చున్నారు. బోర్లించిన పళ్లెం మీద తాలికలు పామడం చూపిస్తే పెద్దకోడలు రెండోదానికే పట్టేసింది. రాజ్యలక్ష్మిగారు శాలువా తీసి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నారు. ఆమె పామిన తాలికలు నావాటికంటే సన్నంగా, సమంగా వచ్చాయి. ఆ సంగతి నేను అనకముందే ఆమే అన్నారు.

పాలల్లో కొంచెం నీళ్లు కలిపి మరగనిచ్చి తాలికలు వేశాను. వేసిన వెంటనే గరిటె పెట్టకూడదు, ముక్కలవుతాయి. అవి పైకి తేలాక పొడిపిండిని పాలల్లో జారుగా కలిపి పోసి చిక్కబడనిచ్చాను. నల్లబెల్లాన్ని విడిగా కాసిని నీళ్లల్లో కరిగించి గుడ్డలో వడకట్టి ఉంచాను. గిన్నె దించాను. అప్పటికి గానుగ దగ్గరి పనివాళ్లు ఎనిమిది మందీ రొట్టెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. "వెయ్యవేం?" అంది తాయీ. "ఆగండి" అన్నాను. "నా పనివాళ్లకు ఆకలి" అంది. "ఆకలైతే ఇంకా బాగుంటుంది" అని రాజ్యలక్ష్మిగారు నా తరఫున చెప్పారు. చిటికెన వేలు ముంచితే ఓర్చుకోగలిగిన వేడికి వచ్చేదాకా పావుగంట ఆగాను. అప్పుడు పాకం సన్నటి ధారగా పోస్తూ ఒకే వైపు తిప్పాను. మొదటి గరిటె నల్లగా కిందికి దిగింది. రెండో గరిటెకు పాలు లేత గోధుమరంగుకు తిరిగాయి. మూడు, నాలుగు. తెల్లటి పలుకు ఒక్కటి కూడా తేలలేదు. మొత్తం పోసేశాను. గిన్నె నిండా తేనెరంగు, మధ్యలో తాలికలు. రాజ్యలక్ష్మిగారు నా చేతిలోంచి గరిటె లాక్కుని అడుగు దాకా తిప్పి చూసి, "విరగలేదే!" అని తెలుగులో అరిచారు. ఎవరికీ తర్జుమా అవసరం రాలేదు.

పనివాళ్లు రొట్టె ముంచుకుని తిన్నారు. ఒకతను, "సేమ్యాలు మరీ లావు తాయీ, కానీ బఢియా, భలే ఉంది" అని రెండోసారి పెట్టించుకున్నాడు. తాయీ గిన్నె ముందుకు జరిపి ఇంకొంచెం పోయమంది. తర్వాత లోపలి నుంచి ఐదు కిలోల నల్లబెల్లం తెచ్చి గోనెసంచిలో కట్టింది. డబ్బు తీసుకోలేదు. మిగిలిన ఏలకులు కోడళ్లకు ఇచ్చి వచ్చాను. స్టేషన్‌కు వెళ్లే టెంపోలోనే రాజ్యలక్ష్మిగారు సెల్‌ఫోను తీసి వాళ్లాయనకు చేశారు. "జిలేబీకి చెప్పకండి... వద్దంటున్నా కదా... ఆఁ, పైడమ్మే వండుతోంది. నేనూ ఉన్నాను పక్కన."

ఒంటిగంట దాటాక రైలు దొరికింది. నాలుగింటికి ఇంట్లో ఉన్నాం. దారిలో ఫరీదాబాద్ దాటాక ఆమె కిటికీ వైపు తిరిగి, "పెళ్లయిన కొత్తలో నాకూ విరిగింది. మా అత్తగారి ముందు. అప్పట్నుంచీ పంచదారే" అన్నారు.

ఆదివారం పొద్దున ఐదింటికి మా వంటింట్లో పన్నెండు లీటర్ల పాలు పొయ్యి మీదికెక్కాయి. తాలికలు పామడానికి ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. తొమ్మిదింటికి పార్కులో వడ్డన. ఢిల్లీలోనే పుట్టిన పిల్లలు మొదట "నూడుల్స్ హై క్యా?" అని అనుమానించారు. తర్వాత గిన్నె చుట్టూ చేరారు. పదింటికల్లా గిన్నె అడుగు కనిపించింది. ఇడ్లీలు మాత్రం సగం మిగిలాయి. ఫరీదాబాద్ నుంచి వచ్చిన ఒక కడపాయన ఖాళీ గిన్నెలోకి తొంగిచూసి, "ఏందమ్మా, అంతా అయిపోయిందా? మాకు ఫిబ్రవరిలో చేస్తావా?" అన్నాడు. "ఫిబ్రవరి వంతు కూడా పైడమ్మదే, అది నేను రాసేశాను" అన్నారు రాజ్యలక్ష్మిగారు. తన వంతు ఆమె అలా ఇచ్చేశారని తర్వాత తెలిసింది.

బెల్లం అంతటా రెండు రకాలుగానే తయారవుతుందని నాకు ఈ ప్రయాణంలో తెలిసింది. ఒకటి అమ్మకానికి, ఒకటి ఇంటికి. పాలు విరిచింది ఆ పొడో, నిలవ చెరకు పులుపో నేను తేల్చలేను. నల్లబెల్లంతో ఆరు లీటర్లు, మర్నాడు పన్నెండు లీటర్లు విరగలేదు, అది చాలు. ఢిల్లీ నీళ్లనీ, ఢిల్లీ పాలనీ ఏళ్ల తరబడి మనవాళ్లు తిట్టుకున్నారు. అవి బాగానే ఉన్నాయి. బెల్లం ఎంచుకోవడంలోనే మనం తప్పాం.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. గానుగలు చలికాలమంతా నడుస్తాయి, పొగమంచు లేని రోజు చూసుకుని పొద్దున్నే బయలుదేరండి. పాలు మాత్రం ఇంటి నుంచి మోసుకెళ్లకండి. వాళ్ల పాలతో, వాళ్ల పొయ్యి మీద, వాళ్ల ఎదుటే వండండి. 'అమ్మం' అన్న బెల్లం అప్పుడు బయటికి వస్తుంది.