నిర్మల్ ఘాట్ ఎక్కిన వంటగ్యాస్

కరీంనగర్ బస్టాండ్‌లో నిర్మల్ బస్సు ఎక్కేసరికి పొద్దున ఐదూ నలభై. నేను కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఆదిలాబాద్‌లోని ఒక కాలేజీవాళ్లు పిల్లలకు చర్చాపోటీ పెట్టి, మొదట నన్ను మాట్లాడమన్నారు. కార్లన్నీ పెట్రోలు, డీజిలు మానేసి వేరే ఇంధనంతో నడవాలని ప్రభుత్వం ఆదేశించాలా వద్దా అన్నది అంశం. ఆదేశించాల్సిందేనన్నది నా పక్షం. నాలుగు పేజీలు రాసుకుని బయలుదేరాను. పోటీ పన్నెండింటికి.

ఆడవాళ్లకు జీరో టికెట్ కదా, ఖర్చు లేదు. కూర్చునే చోటూ లేదు. జగిత్యాల దాకా నిలబడే వెళ్లాను. కోరుట్ల దాటాక వాన పట్టుకుంది. మెట్‌పల్లిలో బస్సు పది నిమిషాలు ఆగితే నాలుగు ఇడ్లీలు తిన్నాను, ముప్పై రూపాయలు. అల్లం చట్నీ బాగుంది. గోదావరి దాటుతుంటే నీళ్లు ఎర్రగా, ఒడ్డు కనపడకుండా పారుతున్నాయి.

నిర్మల్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర. ఆదిలాబాద్ బస్సు వచ్చింది గానీ మెట్ల మీద కూడా కాలు పెట్టే సందు లేదు. దాని వెనక ఇంకోటి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. బస్టాండ్ బయట పాత వ్యాన్లు వరసగా నిలబడి ఉన్నాయి. "ఆదిలాబాద్, ఆదిలాబాద్! ఒక్క మనిషే తక్కువున్నది!" అని ఒక డ్రైవర్ అరుస్తున్నాడు. మనిషికి నూట యాభై. ఎక్కేశాను.

డ్రైవర్ పేరు మల్లేశ్, ముప్పై అయిదేళ్లుంటాయి. అతని పక్కన ఇద్దరు కూలీలు. నడిమి సీటులో నాకు ఎడమవైపు విఠల్ అనే పెద్దాయన, తెల్ల టోపీ పెట్టుకున్నాడు, ఆదిలాబాద్ దగ్గర పత్తి రైతు. కుడివైపు లక్ష్మి అనే అమ్మాయి, ఒళ్లో రెండు నెలల బిడ్డ. బిడ్డకు టీకా వేయించి ఇచ్చోడలోని అత్తగారింటికి పోతోంది. వెనక సంచులు, మూటలు. వానకు తోడు పసిబిడ్డ ఉందని అద్దాలన్నీ పైకెత్తారు. ముందు అద్దానికి మల్లెపూల సెంటు సీసాలు రెండు వేలాడుతున్నాయి. వాసనకు తల తిరిగేలా ఉంది.

"ఏడికి పోతున్నవ్ తాయీ?" అని విఠల్ అడిగాడు. చెప్పాను. అంశం కూడా చెప్పాను.

"మంచిదే. గని పత్తి ఏసుకొని మార్కెట్‌కు పోయే బండ్లు గూడ గట్లనే నడవాల్నా?" అన్నాడు.

"నడుస్తాయి. అందరికీ అలవాటైపోతుంది," అన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పదింటికి అడవిలో ఘాట్ రోడ్డు మొదలైంది. బండి మూలుగుతూ ఎక్కుతోంది. రెండో మలుపులో సెంటు వాసన అడుగు నుంచి ఇంకేదో వాసన వచ్చింది. వంటింట్లో సిలిండర్ మార్చేటప్పుడు గుప్పుమనే వాసన. ఈ అడవిలో వంటిల్లెక్కడిది అనుకుంటూ లక్ష్మి వైపు తిరిగాను. బిడ్డ నోరు తెరిచి ఉంది, మెడ వాలిపోయి ఉంది.

"నిద్రవోయిందా?"

"ఇందాకటి దాక ఏడ్సింది మేడం. సప్పున ఊకున్నది," అంది.

ఆ గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగి పేరుకుంటుందని ఏటా పిల్లలకు పాఠం చెప్పేదాన్నే. ఆ బండిలో అందరికంటే కింద ఉన్నది ఒళ్లో పడుకున్న ఆ బిడ్డే. అప్పుడే ఎడమ చెవి పక్కన గలగలమని చప్పుడైంది. విఠల్ బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తెరుస్తున్నాడు.

నేనేం చేశానో నాకు వరసగా గుర్తు లేదు. అగ్గిపెట్టె లాక్కున్నాను. పుల్లలు ఒళ్లంతా పడ్డాయి. "ఆపు! బండి ఆపు! తలుపులు తెరువుండ్రి!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

అందరం వానలోకి దూకాం. లక్ష్మి బిడ్డను భుజాన వేసుకుని వీపు తట్టింది. చప్పుడు లేదు. మళ్లీ తట్టింది. "అవ్వా, నా బిడ్డ చూడుండ్రి," అని ఏడుస్తోంది. నేను దాన్ని తీసుకుని మొహం మీద వాన పడనిచ్చాను. ఒక్కసారి దగ్గి, కెవ్వుమని ఏడ్చింది. లక్ష్మి రోడ్డు మీదే కూలబడింది.

మల్లేశ్ వెనక తలుపు ఎత్తి మూటలు దింపాడు. వాటి కింద దుప్పటి, దుప్పటి కింద ఎర్ర సిలిండర్, ఇళ్లలో వంటకు వాడేదే. దాని మూతికి రబ్బరు పైపు, ఆ పైపు సీటు కింది నుంచి ఇంజనుకు పోతోంది. అడుగున పైపు చీలి ఉంది. అతను వాల్వు కట్టేశాడు. ఇంతసేపూ మేం కూర్చున్నది దాని ముందు, జానెడు దూరంలో.

"అరె దేవా," అన్నాడు విఠల్. నోట్లో బీడీ అలాగే ఉంది.

"ఏందయ్యా ఇది?" అన్నాను.

"గ్యాస్ కిట్టు బండి అని కొన్న మేడం. కాయిదాలల్ల గూడ గట్లనే ఉన్నది. గని బండ్లకు కొట్టే గ్యాస్ మాకు దగ్గర్ల దొరకదు. పెట్రోలు పోస్తే ఏం మిగలది. గందుకే ఇంటి సిలిండర్ పెట్టిన."

"మరి ఇంట్లో వంట?"

అతను తల దించుకున్నాడు. "కట్టెల పొయ్యి మీద. మా ఆమె పేరు మీద వచ్చిన సిలిండరే ఇది."

పొగలో కళ్లు పాడు చేసుకోవద్దని ప్రభుత్వం ఆమెకిచ్చిన గ్యాస్ ఈ బండిలో మండుతోంది, ఆమె అడవి నుంచి కట్టెలు తెచ్చుకుంటోంది. నా నాలుగు పేజీల్లో ఈ ఆడమనిషి ఎక్కడా లేదు.

"నా పిల్లలు గూడ గీ బండ్లనే బడికి వోతరు మేడం," అన్నాడు మల్లేశ్, ఎవరికో చెప్తున్నట్టు.

పదిహేను నిమిషాల తర్వాత వచ్చిన బస్సును చేతులడ్డం పెట్టి ఆపాం. మల్లేశ్ డబ్బులు వాపస్ ఇవ్వబోతే ఎవరం తీసుకోలేదు. ఇచ్చోడలో లక్ష్మి దిగుతూ, బిడ్డ చెయ్యి పట్టుకుని నా వైపు ఊపింది. పాలు తాగి ఆడుకుంటోంది.

పన్నెండుంబావుకు తడి బట్టలతోనే మాట్లాడాను. కాగితాలు తీయలేదు, జరిగింది చెప్పాను. చివర్న ఒక అమ్మాయి లేచింది. "అయితే ఆదేశించొద్దంటరా మేడం?"

"ఆదేశించాలనే అంటాను. కాని ముందు ఆ ఇంధనం మనిషికి అందాలి. అందనిదాన్ని వాడమంటే దొరికిందేదో బండికి కడతారు. ఇవాళ నేను చూసింది అదే."

అమ్మాయి కూర్చోలేదు. "మరి గా డ్రైవర్ సంగతి పోలీసులకు చెప్పిండ్రా?"

చెప్పలేదు. ఆ మాట తట్టనైనా లేదు. ఆ సంగతే హాల్లో ఒప్పుకున్నాను.

భోజనం చేసి రెండింటి బస్సెక్కాను, నాలుగున్నరకు నిర్మల్‌లో దిగాను. వ్యాన్ల దగ్గరికి నడిచాను. మల్లేశ్ లేడు. నాలుగు వ్యాన్లున్నాయి. ఒక్కొక్కదాని వెనక అద్దంలోంచి చూశాను. రెండింటిలో దుప్పటి కప్పిన గుండ్రటి ఆకారం. మూడోదానిలో దుప్పటి కూడా లేదు. ఎర్రగా కనపడుతూనే ఉంది. ఇద్దరు పిల్లలతో ఒకావిడ అందులోకి ఎక్కుతోంది.

"అమ్మా, ఎక్కకండి, వెనక సిలిండర్ ఉంది," అన్నాను.

ఆమె తిరిగి చూసింది. "ఎరుకేనమ్మా. బస్సు లేకపాయె, పొద్దూకుతున్నది," అని పిల్లల్ని లోపలికి నెట్టింది.

పొద్దుటి నుంచి తిన్న దెబ్బలన్నిటికంటే ఆ 'ఎరుకే' నన్ను ఎక్కువ కొట్టింది.

బస్టాండ్ దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్‌కు కాగితం రాసిచ్చాను. మల్లేశ్ బండి సంగతి కూడా రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఆగింది, అయినా రాశాను. ఆయన మొత్తం చదివాడు.

"ఆపుతం మేడం, ఇప్పుడే పోత. గని గీ మందినంత రేపు ఆదిలాబాద్ ఎట్ల పంపాల్నో గూడ రాయుండ్రి," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

కాగితం వెనక్కి తీసుకున్నాను. పొద్దున ఇంకో రెండు బస్సులు వేయాలని, బండ్లకు కొట్టే గ్యాస్ పంపు ఈ ఊళ్లో పెట్టాలని రాసి, కింద మళ్లీ సంతకం చేశాను.

ఐదున్నరకు కరీంనగర్ బస్సు దొరికింది. మెట్‌పల్లి దాటేదాకా కళ్లు మూసుకున్నా రెప్పల వెనక ఎర్రగానే ఉంది. ఈ దారిన వెళ్లేవాళ్లు షేరింగ్ బండి ఎక్కేముందు ఒక్కసారి వెనక తలుపు ఎత్తి చూడండి. అని రాస్తున్నాను గానీ, చూసినాక ఏం చేస్తారో నాకు తెలియదు. చూసి, తెలిసి ఎక్కిన మనిషిని నేను చూశాను. ఆమె ఎక్కడానికి వేరే బండి చూపకుండా ఎవరు ఏం ఆదేశించినా అది కాగితం దాకానే.